మా అమ్మాయికి మొదటి ఎయిర్ గన్ ఏది కొనాలి? (కానూరు, విజయవాడ)

కానూరు_నాన్న
2024 ఆగస్టు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్త, తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళు. పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పోయిన ఆదివారం ఒక కాంస్యం, మంగళవారం సరబ్‌జోత్‌తో కలిసి ఇంకొకటి తెచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. నిన్న 25 మీటర్లలో నాలుగో స్థానం దగ్గర ఆగిపోతే మనుకన్నా మా పిల్లే ఎక్కువ ఏడ్చింది. చీపురు కట్ట దొరికినా గురిపెడుతోంది. దీనికి ముందున్న అనుభవమల్లా కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్లు కాల్చడమే. పదికి ఏడు కొట్టి సబ్బుపెట్టె గెలుచుకుంది.

నాకు ఈ విషయంలో ఓనమాలు రావు. బడ్జెట్ 40 వేలు, మరీ అవసరమైతే 60 దాకా లాగుతాను. షాపులో అడిగితే మూడు దారులు చెప్పారు. ఒకటి, మన దేశంలో తయారైన స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, పది వేల లోపు. రెండు, పీసీపీ రైఫిల్, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే సిలిండర్‌తో వచ్చేది, కొత్తదైతే లక్ష దాటుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్ చూసుకోమన్నారు. మూడు, 0.22 ఎయిర్ రైఫిల్. "పవర్ ఎక్కువ సార్, ఎప్పటికీ పనికొస్తుంది" అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

పటమట_శీను
2024 ఆగస్టు 4, రాత్రి 10:15

నమస్తే అండీ. ముందు ఆ మూడో దాన్ని కొట్టేయండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ గన్ బోర్ (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి. 0.22 అంటే 5.5 మిల్లీమీటర్లు. "ఎవరూ అడగర్లెండి" అన్న షాపాయన, అడిగే రోజున ఫోన్ ఎత్తడు. పైగా పది మీటర్ల పోటీలన్నీ 4.5 తోనే. పవర్ ఎక్కువైతే కాగితానికి పడే చిల్లు గట్టిగా పడుతుందే తప్ప మార్కులు పెరగవు.

ఇక స్ప్రింగ్ రైఫిల్. తిరునాళ్ళలో మీ పాప కాల్చింది దాదాపు అదే రకం. బ్యారెల్ కిందికి వంచితే లోపల స్ప్రింగ్ బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. గుండు ఇంకా బ్యారెల్ దాటకముందే తుపాకీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే తీరుగా పట్టుకోవాలి, పట్టు కాస్త మారినా గుండు ఇంకో చోట పడుతుంది. నేనూ దాంతోనే మొదలుపెట్టాను, రెండేళ్ళు నానా తిప్పలు పడ్డాను. దాన్ని బిగించడానికి పదమూడేళ్ళ పిల్ల భుజం రోజుకు యాభైసార్లు లాగాలి. యాభై అంటే మామూలు కాదు, ఓసారి మీరే లాగి చూడండి.

ఇంకో మాట. బ్యారెల్ వంచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని వదలకూడదు. పొరపాటున ట్రిగ్గర్ జారితే అది కొరడాలా పైకి లేస్తుంది. మా క్లబ్బులో ఒకతని బొటనవేలు గోరు అలాగే పోయింది.

పిట్టలదొర_99
2024 ఆగస్టు 4, రాత్రి 10:31

పారిస్‌లో ఆ టర్కీ పిస్టల్ షూటర్ అంకుల్, యూసుఫ్ డికెచ్, ఏ సామానూ లేకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని వెండి కొట్టుకుపోయాడు కదా. మనకెందుకు లక్షలు? అంకుల్, ముందు జేబున్న ప్యాంటు కొనండి చాలు 😄

పటమట_శీను
2024 ఆగస్టు 4, రాత్రి 10:38

ఒరేయ్ దొరా, ఆయనకి యాభై ఒక్కేళ్ళు. ఆ జేబులో చెయ్యి కుదరడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆయన్నే అడుగు. పిస్టల్ వాళ్ళంతా రెండో చెయ్యి జేబులోనో బెల్టులోనో పెట్టుకుంటారు, ఊగకుండా ఉండటానికి. అది స్టైల్ కాదు. ఇంతకీ ఆయన చేతిలో ఉన్న పిస్టల్ ధర తెలుసా నీకు?

ఆరో_బెటాలియన్
2024 ఆగస్టు 5, ఉదయం 5:50

కానూరు బాబుకి ఆశీస్సులు. నేను మంగళగిరి ఏపీఎస్పీ పోలీసు బెటాలియన్‌లో చేసి రిటైరయ్యాను. పోటీల షూటింగ్ నాది కాదు, కానీ చాలామంది కుర్రాళ్ళ చేత మొదటి గుండు కాల్పించినవాణ్ణి.

మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదటి ఫైరింగ్ రోజున ఒకటే మాట: "సార్, ఈ రైఫిల్ బాగాలేదు." అదే రైఫిల్ పక్కవాడికిస్తే ఐదు గుళ్ళూ అరచేతిలో పట్టేంత చోట పడేవి. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది. మాకు నేర్పిందేమిటంటే, ముందు గ్రూపింగ్, ఆ తర్వాతే జీరోయింగ్. గుళ్ళు బుల్‌లో, అంటే టార్గెట్ నడిమధ్యన, పడనక్కర్లేదు, అన్నీ ఒకే చోట పడాలి. ఒకే చోట పడుతుంటే సైట్ (గురి చూసే భాగం) తిప్పి మధ్యలోకి తేవచ్చు. తలో దిక్కూ పోతుంటే ఏ సైటూ ఏమీ చెయ్యలేదు.

అమ్మాయి గ్రూపింగ్ కుదిరేదాకా ఏ తుపాకీ ఇచ్చినా ఒకటే. ఎవరిదైనా క్లబ్బులో మూడు నెలలు చేర్పించు. వాళ్ళ తుపాకీతోనే కాల్చనివ్వు. ఇంట్లో రోజూ పావుగంట గోడ వైపు తిరిగి నిలబడి, నీళ్ళ సీసా చేత్తో చాపి, శ్వాస చూసుకోమను. ఇది పైసా ఖర్చు లేని పని. అందుకే ఎవరూ చెయ్యరు.

కానూరు_నాన్న
2024 ఆగస్టు 5, ఉదయం 8:12

బాబాయ్ గారూ, ధన్యవాదాలు. శీను గారూ, 0.22 సంగతి చెప్పి పుణ్యం కట్టుకున్నారు, ఈ రోజే అడ్వాన్స్ ఇద్దామనుకున్నాను.

కానీ మూడు నెలలు ఆగమంటే మా పిల్ల ఆగేలా లేదండీ. సొంతది చేతిలో ఉంటే ఉత్సాహం నిలబడుతుందని నా ఆశ. సెకండ్ హ్యాండ్ పీసీపీ ఎవరి దగ్గరైనా ఉందా?

బ్రాడీపేట_లత
2024 ఆగస్టు 5, మధ్యాహ్నం 2:05

గుంటూరు నుంచి అండీ. మా అబ్బాయి నాలుగేళ్ళుగా ఎయిర్ పిస్టల్ ఆడుతున్నాడు. పొద్దుట్నుంచి చదువుతున్నాను. అందరూ రైఫిల్ రైఫిల్ అంటున్నారు. ఒక్కరైనా ఆ పిల్లను అడిగారా? మను కాల్చింది పిస్టల్ కదా!

ఇది చిన్న తేడా కాదు. రెండూ పది మీటర్లే, గుండు కూడా 4.5 మిల్లీమీటర్లే. కానీ రైఫిల్ కార్డులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, పెన్సిల్ మొనంత. పిస్టల్‌లో పది రింగు 11.5 మిల్లీమీటర్లు. అది సులువని కాదు. రైఫిల్‌కి భుజం, చెంప, రెండు చేతులు, నడుము అన్నీ ఆసరా. పిస్టల్‌కి చాపిన ఒక్క చెయ్యే. కిలో బరువును అలా చాపి పట్టుకుని, కనీసం అర కిలో బరువు లాగే ట్రిగ్గర్‌ని పిస్టల్ కదలకుండా నొక్కాలి. అరవైసార్లు.

ఖర్చు సంగతి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతాను. రైఫిల్ అంటే రైఫిల్ ఒక్కటే కాదు. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్. మన దేశంలో కుట్టినవైనా అన్నీ కలిపి ముప్పై నలభై వేలు తేలిగ్గా అవుతాయి. కాన్వాసూ తోలూ కలిపి కుట్టిన జాకెట్ అది, ఒంటికి బిగుతుగా ఉండాలి. పదమూడేళ్ళ పిల్లకు ఈ రోజు కుట్టిస్తే పదిహేనో ఏట పట్టదు. మే నెల విజయవాడలో, ఏసీ లేని రేంజ్‌లో అది వేసుకుని గంటసేపు నిలబడటం ఊహించుకోండి. పిస్టల్‌కి అవేవీ లేవు, చీలమండ కప్పని చదును బూట్లు చాలు. కానీ మంచి పిస్టల్ లక్షన్నర నుంచి రెండున్నర లక్షల మధ్య ఉంటుంది. మీ బడ్జెట్‌లో రెండూ రావు. అది ముందే తెలిసి దిగడం మంచిది.

పెల్లెట్లు ఇంకో లెక్క. డబ్బాకు 500 వస్తాయి. రోజుకు 80 చొప్పున నెలకు పాతిక రోజులైతే రెండు వేలు, అంటే నాలుగు డబ్బాలు. మొదటి ఏడాది దిగుమతి పెల్లెట్ల జోలికి పోకండి. ఇంకోటి, పెల్లెట్లు సీసంతో చేస్తారు. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్సు తెరవనివ్వకండి. మా వాడు మొదట్లో అదే చేత్తో పులిహోర తినేవాడు. చూసిన రోజు నా గుండె ఆగినంత పనైంది.

కానూరు_నాన్న
2024 ఆగస్టు 5, సాయంత్రం 6:30

లత గారూ, సిగ్గుగా ఉంది. మా అమ్మాయిని ఇప్పుడడిగాను. "నాన్నా, పెద్దదైనా చిన్నదైనా ఫర్లేదు, ఏదో ఒకటి" అంది. దానికీ తేడా తెలియదు, నాకూ తెలియదు.

మిర్చి_ఘాటు
2024 ఆగస్టు 6, ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నాను, మన్నించాలి. నాకు బొమ్మ తుపాకీ కాదు, నిజమైనది కావాలి. మిర్చి యార్డు వ్యాపారం, సీజన్లో నగదుతో తిరగాలి. మొదటిసారి కొనేవాడికి రివాల్వరు మంచిదా, పన్నెండు బోరు పొడుగు తుపాకీయా?

ఆరో_బెటాలియన్
2024 ఆగస్టు 6, మధ్యాహ్నం 1:00

బాబూ, అది బొమ్మ కాదు. పది మీటర్లలో కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆ మాట వెనక్కి తీసుకో.

నీ ప్రశ్నకొస్తే, కొనడం ఆఖరి మెట్టు. ముందు లైసెన్స్. ఫారం ఎ-1 పెట్టాలి, తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 ధ్రువపత్రం కావాలి, పోలీసు విచారణ జరగాలి. వయసు 21 నిండాలి. గుంటూరులో అయితే కలెక్టరు దగ్గర, విజయవాడలో కమిషనరేట్ కాబట్టి పోలీస్ కమిషనర్ దగ్గర. డబ్బుతో తిరుగుతాను అన్న ఒక్క మాటకే రాదు, ప్రాణభయం ఉందని వాళ్ళకు నమ్మకం కుదరాలి. వచ్చాక కూడా ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. మొన్న మే ఎన్నికలకు లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎంత తిరిగారో మీ యార్డులోనే అడుగు.

నన్నడిగితే నగదు తగ్గించు. నా సర్వీసులో సంచీ లాక్కున్న కేసులు చూశాను. తుపాకీతో సహా లాక్కున్నవీ చూశాను.

నూజివీడు_రసం
2024 ఆగస్టు 6, రాత్రి 7:45

మాకు మామిడి తోట ఉంది. చిలకలు, కోతులు బతకనివ్వట్లేదు. లైసెన్స్ అక్కర్లేని ఆ పది వేల ఎయిర్ గన్‌తో భయపెట్టొచ్చా? చంపడం కాదు, ఊరికే తగిలేలా.

పటమట_శీను
2024 ఆగస్టు 6, రాత్రి 8:02

వద్దండీ. తుపాకీకి లైసెన్స్ అక్కర్లేనంత మాత్రాన పిట్టని కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుకని పంజరంలో పెట్టినా నేరమే. ఊరికే తగిలిన గుండు చిలక ఒంట్లోంచి దూసుకుపోతుంది. వలలు కట్టండి, మెరిసే రిబ్బన్లు కట్టండి.

పిట్టలదొర_99
2024 ఆగస్టు 6, రాత్రి 8:10

కోతులకైతే కొండముచ్చు ఫ్లెక్సీ కట్టండి బాబాయ్. మా ఊళ్ళో గుడి దగ్గర కట్టారు. నెల రోజులు పనిచేసింది. తర్వాత కోతులు ఫ్లెక్సీ చింపుకుని కూచున్నాయి.

మోడరేటర్
2024 ఆగస్టు 6, రాత్రి 9:00

లైసెన్స్ ఆయుధాలు, తోటల గొడవ వేరే చర్చగా పెట్టుకోండి. ఇక్కడ కానూరు గారి అమ్మాయి సంగతి మాట్లాడదాం.

సింగ్‌నగర్_రాజా
2024 ఆగస్టు 11, ఉదయం 10:25

అన్నా, నా దగ్గర జర్మన్ పీసీపీ రైఫిల్ ఉంది. ఇంజినీరింగ్‌లో ఉండగా ఆడాను, ఇప్పుడు ఉద్యోగం వల్ల కుదరట్లేదు. పీప్ సైట్, కేసు, నింపుకునే అడాప్టర్ అన్నీ ఉన్నాయి. మీ అమ్మాయి కోసం అంటున్నారు కాబట్టి 65 వేలకి ఇస్తాను. బిల్లు ఉంది. అజిత్‌సింగ్ నగర్ వచ్చి చూసుకోండి.

కానూరు_నాన్న
2024 ఆగస్టు 11, ఉదయం 10:40

రాజా గారూ, మీరు దేవుడిలా వచ్చారు. వచ్చే ఆదివారం వస్తాను.

పటమట_శీను
2024 ఆగస్టు 11, మధ్యాహ్నం 12:15

కానూరు గారూ, ఒక్క నిమిషం. రాజా, సిలిండర్ మీద కొట్టిన తేదీ చెప్పు తమ్ముడూ.

సింగ్‌నగర్_రాజా
2024 ఆగస్టు 11, మధ్యాహ్నం 1:50

2015 మార్చి అని ఉందన్నా. కానీ ఒక్కసారి కూడా లీక్ అవలేదు, 200 బార్ నింపితే నెల తర్వాత కూడా గేజ్ ముల్లు కదలదు.

పటమట_శీను
2024 ఆగస్టు 11, మధ్యాహ్నం 2:20

నీ మాట కాదనను తమ్ముడూ. కానీ అందరికీ పనికొస్తుందని చెబుతున్నా. ఈ సిలిండర్లకు తయారీదార్లు పదేళ్ళు ఆయుష్షు రాస్తారు. అందులో 200 బార్ అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు వంద రెట్లు. అది చెంప పక్కన పెట్టుకుని కాల్చే వస్తువు. పెద్ద పోటీల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ వాళ్ళు తేదీ చూస్తారు, గడువు దాటితే పక్కన పెడతారు. అంటే వచ్చే మార్చికల్లా కొత్త సిలిండర్ కొనాలి, ఇరవై వేల పైచిలుకు. కాబట్టి 65 అనేది నిజానికి 85. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది రంగూ గీతలూ కాదు, ఆ తేదీ.

తర్వాత గాలి బయటికి పోకుండా ఆపే సీళ్ళు. సాయంత్రం ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి, మర్నాడు సాయంత్రం మళ్ళీ తియ్యండి. ఆ తర్వాత గాలి ఎక్కడ నింపుతారో ఆలోచించండి. చేతిపంపు ఉంది, కానీ 200 బార్‌కి తెచ్చేసరికి ఎవరికైనా జిమ్ అక్కర్లేదు. చాలామంది క్లబ్బులో పెద్ద సిలిండర్ నుంచి నింపుకుంటారు. అంటే తుపాకీ ఉన్నా క్లబ్బు తప్పదు.

ఆరో_బెటాలియన్
2024 ఆగస్టు 11, సాయంత్రం 5:00

ఏ కంటితో చూస్తుందో పరీక్షించారా? రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య రూపాయి బిళ్ళంత సందు చేసి, రెండు కళ్ళతో ఆ సందులోంచి గోడ గడియారం చూడమను. తర్వాత ఒక్కో కన్నూ మూయమను. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే దాని గురి కన్ను. కుడిచేతి వాళ్ళందరికీ కుడికన్నే అనుకోకు.

కానూరు_నాన్న
2024 ఆగస్టు 11, రాత్రి 9:15

చేశాం బాబాయ్ గారూ. మూడుసార్లు చేసినా ఎడమ కన్నే వస్తోంది. రాసేది, తినేది కుడిచేత్తో. ఇది జబ్బా ఏమన్నానా? టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_లత
2024 ఆగస్టు 11, రాత్రి 9:40

అయ్యో, జబ్బేమీ కాదండీ. మా క్లబ్బులోనే ఇద్దరున్నారు. కాకపోతే రైఫిల్‌కి కాస్త చిక్కు. కుడి భుజానికి ఆనించి ఎడమ కన్నుతో చూడటం కుదరదు. ఎడమ కన్నుకి అడ్డు పెట్టుకుని కుడికంటితో అలవాటు చేసుకోవాలి, లేదా ఎడమచేతి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) ఉన్న రైఫిల్‌తో మొదటి నుంచీ నేర్చుకోవాలి. పిస్టల్‌కి అంత ఇబ్బంది లేదు, తల కొంచెం తిప్పుకుంటే చాలు. కోచ్ చూడకుండా కొనకండి.

కానూరు_నాన్న
2024 ఆగస్టు 12, ఉదయం 7:30

రాజా గారిది కుడిచేతి స్టాక్. కానీ ఈ ధర మళ్ళీ రాదని మా ఆవిడ కూడా అంటోంది. క్లబ్బులో సెప్టెంబర్ 2 నుంచి చేరుస్తున్నాను. రాజా గారూ, 60కి ఇస్తారా? ఒకటో తారీఖు ఆదివారం డబ్బు తీసుకుని వస్తాను.

సింగ్‌నగర్_రాజా
2024 ఆగస్టు 12, ఉదయం 9:00

సరే అన్నా, 60 ఖాయం.

పటమట_శీను
2024 సెప్టెంబర్ 4, రాత్రి 8:50

రాజా, ఎక్కడున్నావు? ఫోన్ కలవట్లేదు. బుడమేరు వాగు వరద నీళ్ళు మీ వైపే ఎక్కువన్నారు. ఎవరికైనా కబురు తెలిస్తే ఇక్కడ రాయండి.

సింగ్‌నగర్_రాజా
2024 సెప్టెంబర్ 12, సాయంత్రం 4:20

బతికే ఉన్నాం అన్నా. ఒకటో తారీఖు తెల్లవారేసరికి గుమ్మంలో నీళ్ళు. అమ్మని పట్టుకుని పై వాటాకి ఎక్కేసరికి మోకాళ్ళ దాకా వచ్చాయి. నాలుగు రోజులు పైనే. పాల ప్యాకెట్లు పడవలో ఒకసారి, డ్రోన్ మీద ఒకసారి అందాయి. నిన్ననే కింద బురద ఎత్తడం మొదలుపెట్టాం.

కానూరు అన్నా, రైఫిల్ మంచం కింద కేసులో ఉండిపోయింది. పది రోజులు నీళ్ళలోనే. కేసు తెరిస్తే బురద. మాట నిలబెట్టుకోలేకపోయాను.

కానూరు_నాన్న
2024 సెప్టెంబర్ 12, సాయంత్రం 5:05

తమ్ముడూ, రైఫిల్ సంగతి వదిలెయ్. అమ్మ ఎలా ఉన్నారు? రేపు నేనూ మా బావమరిదీ వస్తున్నాం. పారలు, ఫినాయిల్, బియ్యం తెస్తాం. ఇంకేం కావాలో చెప్పు.

పటమట_శీను
2024 సెప్టెంబర్ 12, సాయంత్రం 6:40

నేనూ వస్తా. రాజా, ఒక్క మాట. సిలిండర్‌లో గాలి ఉంటే అలాగే ఉంచు, ట్రిగ్గర్ నొక్కకు, పరీక్షకని కాల్చకు. సిలిండర్‌ని నువ్వు విప్పొద్దు. బయట బురద మంచినీళ్ళ గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు. బ్యారెల్ చివర ఎటువైపుందో మర్చిపోకు. మిగతాది నేను చూస్తా.

కొబ్బరినూనె మాత్రం ఎక్కడా పొయ్యకు. మా మామయ్య తుప్పు పడుతుందని పాత స్ప్రింగ్ గన్ గొట్టంలో చెంచాడు పోశాడు. నొక్కిన గాలి వేడికి లోపల నూనె అంటుకుని, డీజిల్ ఇంజిన్లాగా 'ధడ్' అని పొగ కక్కింది. వీధివాళ్ళు సిలిండర్ పేలిందనుకున్నారు.

ఆరో_బెటాలియన్
2024 సెప్టెంబర్ 13, ఉదయం 6:00

మా బెటాలియన్ కుర్రాళ్ళు కొందరు ఇంకా అటే డ్యూటీలో ఉన్నారు. మందులేమైనా కావాలంటే మెసేజ్ పెట్టు రాజా బాబూ.

కానూరు_నాన్న
2024 నవంబర్ 9, రాత్రి 10:10

చాలా రోజులైంది. జరిగింది చెబుతాను.

అమ్మాయి క్లబ్బులో చేరి ఏడు వారాలైంది. వరదల వల్ల రెండు వారాలు ఆలస్యం. కోచ్ గారు మొదటి పది రోజులు గుండే ఇవ్వలేదు. ఖాళీ పిస్టల్, తెల్లగోడ. ఎత్తడం, పట్టడం, దించడం. అమ్మాయి ఇంటికొచ్చి "నాన్నా, ఇదేం షూటింగ్, ఇది వ్యాయామం" అని గొణిగింది. ఆ తర్వాత వారం రైఫిల్, వారం పిస్టల్ ఇచ్చి చూశారు. రైఫిల్ దగ్గర ఎడమ కన్ను గొడవ పెట్టింది, అడ్డు పెట్టినా తలనొప్పి అంది. పిస్టల్ ఇచ్చిన రెండో రోజే పది గుళ్ళలో ఆరు ఒకే చోట పడ్డాయి, అదీ మూడో రింగు దగ్గర. కోచ్ గారు సంతోషపడ్డారు. నాకు మూడు మార్కులకు సంతోషం ఎందుకో అర్థం కాలేదు. బాబాయ్ గారు రాసిన గ్రూపింగ్ మాట ఇంటికొచ్చి మళ్ళీ చదివితే అర్థమైంది.

అంటే వాన పడకపోయి ఉంటే నేను కుడిచేతి రైఫిల్‌కి అరవై వేలు పోసి, దాన్ని అటక మీద పెట్టేవాణ్ణి. రాజా తమ్ముడి ఇల్లు మునిగి నా డబ్బు మిగలడం తలుచుకుంటే మనసుకి ఎలాగో ఉంది.

ఇప్పటిదాకా కొన్నవి: చదును బూట్లు, పెల్లెట్లు ఎనిమిది డబ్బాలు, చెవులకు మఫ్స్, రేంజ్‌లో పిస్టల్ ఖాళీగా ఉందని చూపించడానికి బ్యారెల్‌లో దూర్చే నారింజ రంగు దారం. ఆ దారం మా పిల్ల స్కూల్ బ్యాగ్ జిప్పుకి కట్టుకుంది.

ఒక్కటే ఇబ్బంది. క్లబ్బు పిస్టల్ గ్రిప్ (చెక్క పిడి) మీడియం సైజు, మా అమ్మాయి చేతికి పెద్దది. చూపుడువేలు ట్రిగ్గర్‌కి కొసతో అందుతోంది, పక్కకి లాగుతోంది. చెక్కని అరగదీయవచ్చా?

పటమట_శీను
2024 నవంబర్ 9, రాత్రి 10:35

క్లబ్బు గ్రిప్ అరగదీశారంటే కోచ్ మిమ్మల్ని అరగదీస్తారు 😀 సొంత గ్రిప్ అయితే ఆకురాయితో కొంచెం తీసి, ఖాళీ ఉన్నచోట వుడ్ పుట్టీ పెట్టి చేతి అచ్చుకి సరిచేసుకుంటారు. అందరూ చేసేదే.

రాజా రైఫిల్ కబురు కూడా చెబుతా. విప్పాను. బ్యారెల్ బతికింది, అల్యూమినియం స్టాక్ కడిగితే కొత్తదానిలా ఉంది. ట్రిగ్గర్ స్ప్రింగులు తుప్పు. సీళ్ళన్నీ మార్చాలి. సిలిండర్ మాత్రం వాడేది లేదు, గాలి తీసేసి పక్కన పెట్టేశాం. ఎటూ మార్చికి పోయేదే.

సింగ్‌నగర్_రాజా
2024 నవంబర్ 10, ఉదయం 9:20

ఇక ఆ రైఫిల్ అమ్మను అన్నా. శీనన్న అది బాగుచేస్తే మళ్ళీ నేనే ఆదివారాలు రేంజ్‌కి వస్తా. మీ అమ్మాయి ఏ టైముకి వస్తుందో చెప్పండి.

బ్రాడీపేట_లత
2024 నవంబర్ 10, ఉదయం 11:00

కానూరు గారూ, మా వాడి పాత స్మాల్ గ్రిప్ ఒకటి అటక మీద ఉంది. వాడి చెయ్యి పెరిగి రెండేళ్ళయింది. ఒకవైపు కాస్త అరగదీశాం, పుట్టీ కూడా ఉంది, చూడటానికి బాగోదు. మోరినీ పిస్టల్‌కి మాత్రమే పడుతుంది. మీ క్లబ్బులో ఏ కంపెనీదో చూడండి. అదే అయితే డబ్బు మాటెత్తకుండా వచ్చి తీసుకెళ్ళండి.

కానూరు_నాన్న
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 12:30

మోరినీయే అండీ. ఇప్పుడే కోచ్ గారిని అడిగి ఖాయం చేసుకున్నాను, గ్రిప్ మార్చుకోవచ్చన్నారు. వచ్చే ఆదివారం పదకొండింటికి అమ్మాయిని తీసుకుని బ్రాడీపేట వస్తాం. ఏ లైనో మెసేజ్ పెట్టండి.